అవుకు నుంచి సింధియా దాకా

సముద్రానికి ఇంత దూరాన కూర్చుని పాత ఓడల చరిత్రలు ఎందుకు నీకు, అని అవుకులో అడగనివాళ్లు లేరు. మా జలాశయంలో తిరిగేవి చేపల పుట్టులు, షికారు పడవలు. అయినా ఏ యార్డులో కట్టారు, ఎన్ని చేతులు మారింది, ఆఖరికి ఏమైంది అని ఒక్కో ఓడ పుట్టుపూర్వోత్తరాలు వెతకడమంటే నాకు ప్రాణం. ఆ పని మీదే బనగానపల్లె మీదుగా నంద్యాల చేరి విశాఖ రైలెక్కాను.

బీచ్ రోడ్డులో ముందుగా కురుసుర చూశాను. 1969 డిసెంబరు 18న సోవియట్ రేవు రిగాలో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. "టార్పెడోల పక్కనే పడుకునేవాళ్లం సార్" అన్నాడు దారి చూపిన మాజీ నావికుడు. ఆ ఇరుకులో నిలబడితేనే ఆ మాట బరువు తెలుస్తుంది.

అక్కడికి దగ్గర్లోని యుద్ధ స్మారకం 1971 విజయానిది. ఆ డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు ముందే మునిగింది. తొంభై మందికి పైగా పోయారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని మనవాళ్లు, సొంత మైన్లే పేలాయని వాళ్లు అంటారు. నన్ను కదిలించింది మరొకటి. ఘాజీ 1944లో అమెరికాలో డయాబ్లోగా నీళ్లలోకి దిగింది. రాజ్‌పుత్ 1942లో బ్రిటన్‌లో రోథర్‌హామ్‌గా దిగింది. రెండో ప్రపంచయుద్ధంలో ఒకే పక్షాన ఉన్న రెండు ఓడలు పేర్లు మార్చుకుని విశాఖ నీళ్లలో శత్రువులయ్యాయి. కట్టిన యార్డు దాకా వెళ్లి వెతికితే గానీ ఈ సంగతి బయటపడదు.

యుద్ధనౌకలకు ఇన్ని ఆనవాళ్లున్నాయి. సరుకు ఓడల సంగతే నాకు బాధ. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసిన సింధియా కంపెనీ యార్డు, మరుసటి ఏడు ఏప్రిల్‌లో జపాన్ బాంబులు చూసింది. అదే యార్డులో కట్టిన ఎనిమిది వేల టన్నుల జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దించారు. స్వతంత్ర భారతానికి అది తొలి ఓడ. కురుసురకు తీరం మీద ఇల్లు కట్టినవాళ్లం, జల ఉష బతుకును పుస్తకంగానైనా కూర్చుకోవాలి కదా!

యార్డు 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారినా ఆ ప్రాంతాన్ని విశాఖవాసులు ఇప్పటికీ సింధియా అనే అంటారు. అక్కడి టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, "మా నాన్న ఆ ఓడకి ప్లేట్లు వంచాడు బాబూ" అన్నాడు. కొలిమి వేడి, మేస్త్రీల కేకలు, నెహ్రూ వచ్చిననాటి జనం, తండ్రి చెప్పినవన్నీ చెప్పాడు. నేను రాసుకున్నాను. నాన్న పాసు, కాగితాలు ట్రంకు పెట్టెలో ఉండాలి, తీసి ఉంచుతానన్నాడు. సంక్రాంతి అయ్యాక మళ్లీ వెళ్తున్నాను.