మాత్ర పేరు తెలియకముందు

మా నాన్నగారిని నేను అందరి ముందూ జూదగాడు అన్నాను. మేనత్త, బాబాయి, చెల్లెలు, బావగారు అక్కడే ఉన్నారు. "మనసును అదుపులో పెట్టుకోవడం చేతకాకపోతే ఇన్నేళ్లూ పిల్లలకి ఏం పాఠాలు చెప్పారు?" అని కూడా అడిగాను. అంటున్నప్పుడు నాకు ఏ సందేహమూ లేదు. తలుచుకుంటే మనిషి మానగలడు, మానలేదంటే తలుచుకోలేదు. అప్పటికి నాకు తెలిసిన వేదాంతం అంతే. సిగరెట్ మానేసినవాణ్ని కాబట్టి దానికి నా జీవితమే సాక్ష్యమనుకునేవాణ్ని.

నాన్నగారు తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేతిలో పేకముక్క మేమెన్నడూ చూడలేదు. పెళ్లిళ్లలో విడిదింట్లో ఆట మొదలైతే లేచి వెళ్లి పడుకునేవారు. అరవై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. చేతిరాత చిన్నదైపోయింది, నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం మానేసింది. పార్కిన్సన్స్ అన్నారు. మొదట లెవోడోపా, కొన్నాళ్లకి దానికి తోడు ప్రామిపెక్సోల్ రాశారు. వణుకు బాగా తగ్గింది. చొక్కా బొత్తాలు మళ్లీ తనే పెట్టుకుంటున్నారని అమ్మ ఫోన్లో ఎంత సంబరంగా చెప్పిందో!

ఆట ఆ తర్వాత వచ్చింది. సాయంత్రం పూట కాలక్షేపానికి పదమూడు ముక్కల రమ్మీ అన్నారు. పాయింటు రేటు పెరిగింది. ఆట తెల్లవారుజాము దాకా సాగింది. పెన్షన్ పడిన వారానికే అయిపోయేది. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయని చెల్లెలు చెబితే హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లాను. పైన రాసిన మాటలు ఆ పొద్దున అన్నవే.

ఆయన ఒక్కసారే జవాబిచ్చారు. "నన్నెవరూ ఆడించట్లేదురా. నాకు ఆడాలనిపిస్తోంది, ఆడుతున్నాను."

దాన్ని మొండితనం అనుకున్నాను. నిజానికి తన స్థితిని అంతకంటే నిజాయితీగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఎవరో మెడ పట్టి తోస్తున్నట్టుంటే మనిషి ఎదురు తిరుగుతాడు. ఆయనకి అలాంటి బలవంతం ఎక్కడా తగల్లేదు. కోరిక సొంత కోరికలాగే వచ్చింది, ఆయన గొంతుతోనే మాట్లాడింది.

కారణం బయటపెట్టింది తర్వాత చూపించిన ఇంకో న్యూరాలజిస్టు. నడక చూశాక, మామూలుగా అడిగినట్టే, "ఈమధ్య కొత్త అలవాట్లేమైనా వచ్చాయా? పేకాట, అదేపనిగా వస్తువులు కొనడం, తిండి ఎక్కువ కావడం?" అన్నారు. అమ్మ ఏడ్చేసింది. మొదట మందు రాసినచోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆటకి కారణం ప్రామిపెక్సోల్ కావచ్చని, దాన్ని ఒక్కసారిగా ఆపితే ఆందోళన, దిగులు, ఒంటినొప్పులు వస్తాయని చెప్పి, మోతాదు మెల్లమెల్లగా తగ్గించి, లెవోడోపాను సర్దారు. వేసవి అయ్యేసరికి నాన్నగారికి ముక్కల మీద ధ్యాస పోయింది. ఆయన పళ్లబిగువున మానుకున్నది కాదు, ధ్యాసే పోయింది. వణుకు కొంత తిరిగొచ్చింది.

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు క్షీణించడం వల్ల పార్కిన్సన్స్ వస్తుంది. ప్రామిపెక్సోల్ డోపమిన్ చేసే పనిని తను చేస్తుంది. అయితే అది ఎక్కువగా అతుక్కునేది డి3 అనే గ్రాహకాలకి. అవి కోరిక, ఆశ, గెలుపు కోసం ఎదురుచూడటం వంటివాటితో ముడిపడ్డ భాగాల్లో దట్టంగా ఉంటాయి. 2005లోనే అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, ఈ జబ్బు మందులతో జూదంలో పడిన 11 మంది గురించి రాశారు. 2010లో అచ్చయిన డొమినియన్ అధ్యయనం మూడువేల మందికి పైగా రోగులను పరిశీలించింది. ప్రామిపెక్సోల్ తరగతి మందులు వాడేవారిలో 17 శాతం మందికి జూదం, కొనుగోళ్లు, తిండి, లైంగిక వాంఛ వీటిలో ఏదో ఒకటి అదుపు తప్పింది. వాడనివారిలో అది 7 శాతం. నేను నోరు పారేసుకునే నాటికి ఇదంతా అచ్చులో ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే దయచేసి వాళ్లని మెత్తగా అడగండి, డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

మందుదే తప్పు, నాన్నగారు నిర్దోషి. మా బంధువులు ఇక్కడితో ఊరట చెందారు. నేను చెందలేకపోయాను. పేకాట బల్ల దగ్గర రోజూ ఆయనకి ఎదురుగా కూర్చున్న మనిషి ఒకాయన ఉన్నాడు. పురుగుమందుల కొట్లో గుమస్తా. మా నాన్నని చెడగొట్టింది నువ్వేనని ఆయన్ని కూడా వాళ్ల గుమ్మంలోనే నిలబెట్టి తిట్టాను. ఆయన ఏ మాత్రా వేసుకోవడం లేదు. ఆయన తండ్రి కూడా పేకాటలోనే ఎకరన్నర పోగొట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఇంట్లో జూదం చరిత్ర ఉన్నవారికి ముప్పు ఎక్కువని ఆ డొమినియన్ అధ్యయనంలోనే ఉంది. నాన్నగారి కోరిక మందుచీటీ మీది మిల్లీగ్రాముల నుంచి వచ్చింది. మరి ఆ గుమస్తా కోరిక ఎక్కడి నుంచి వచ్చినట్టు? పుట్టుక నుంచో పెంపకం నుంచో, అదీ మెదడులోని ఆ దారినే వచ్చి ఉంటుంది కదా! పేరున్న కారణాన్ని మేం మన్నించాం, పేరు తెలియనిదాన్ని మన్నించలేదు. ఆ రెండో డాక్టరు ప్రశ్న అడగకపోయి ఉంటే మా నాన్నగారు ఈనాటికీ మా దృష్టిలో జూదగాడే.

అదే మందు వేసుకుని చెక్కుచెదరని 83 శాతం మంది సంగతేమిటి? వాళ్లది గట్టి మనసు అని ఒకప్పుడైతే వెంటనే అనేవాణ్ని. వాళ్లలో చాలామందికి ఆ కోరికే పుట్టి ఉండదు. పుట్టని కోరికను జయించామని ఎలా చెప్పుకుంటాం? నేను సిగరెట్ మానేసిన ఏడాది మా ఇంట్లో పాప పుట్టింది, రోజూ నాతో కలిసి కాల్చే స్నేహితుడు బెంగళూరుకి బదిలీ అయ్యాడు, ఆఫీసు పొగ తాగనివ్వని భవనంలోకి మారింది. అవన్నీ పక్కకి తోసేసి సంకల్పం ఒక్కటే లెక్కలో ఉంచుకున్నాను. ఆ లెక్కతోనే ఇతరులను కొలిచాను.

మా సంగతి తెలిసిన మిత్రుడొకడు లిబెట్ ప్రయోగం చదవమన్నాడు. మణికట్టు కదపాలన్న ఉద్దేశం మనిషికి తెలియడానికి సెకనులో మూడో వంతు ముందే మెదడులో సంకేతం మొదలవుతుందని 1983లో తేల్చిన ప్రయోగం. ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుళ్ల ప్రభావం కావచ్చు అని 2012లో షర్గర్ బృందం వాదించింది. ఎటు తేలినా నా బాధ తీరలేదు. మణికట్టు ఎప్పుడు కదిపినా ఎవరి సంసారమూ చెడదు.

నాన్నగారు చెప్పిన పాఠాలే నాకు ఎక్కువ అక్కరకొచ్చాయి. ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం జూదగాడి గోడు. ఇక వెళ్లనని నిశ్చయించుకున్నవాడు పాచికల పిలుపు వినగానే బయల్దేరతాడు. ధర్మరాజు రెండోసారి జూదానికి పిలుపొస్తే, చేటని తెలిసి కూడా, విధాత ఆజ్ఞ అంటూ వెళ్లాడు. అరణ్యపర్వంలో ద్రౌపది ఆయనతో వాదిస్తూ, మనుషులు విధాత ఆడించే కొయ్యబొమ్మలంటుంది. కాసేపటికి ఆమే, ప్రయత్నం లేనిదే ఏదీ జరగదు, లేచి పని చెయ్యమంటుంది. చిన్నప్పుడు ఆ ఘట్టం చెబుతుంటే ఆమె మాట మార్చిందనుకున్నాను. జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూస్తే అన్నిటికీ కారణాలే కనిపిస్తాయి. రేపు పొద్దున చెయ్యాల్సిన పని ముందుంటే, ఆ కారణాల్లో తనూ ఒకతె అని ఆమెకి తెలుసు.

క్షమించమని అడగడానికి వెళ్లి, "మందు చేసిన పనికి మిమ్మల్ని అన్నాను" అన్నాను. నాన్నగారికి ఆ మాట నచ్చలేదు. "మందు ఎవరి చేత చేయించిందిరా? అప్పు చేసింది నేను, తీర్చాల్సిందీ నేనే" అన్నారు. ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పి, పెన్షన్లోంచి నెలనెలా కట్టి తీర్చారు. గాజులు విడిపించారు. కారణం తెలిశాక కూడా దాని వెనక దాక్కోలేదు.

నా సంగతి చెప్పబోయాను. ఆ రోజుల్లో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్నట్టుంది, నిద్ర లేదు, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అవన్నీ నిజమే అయ్యుంటాయి. వింటాను. ముందు చెప్పు, ఆ మాట అన్నది నువ్వేనా?"

"నేనే నాన్నగారూ."

"సరే. ఇప్పుడు చెప్పు."

అన్నీ చెప్పాను. చాలాసేపు విన్నారు. ఒక్కటీ కొట్టిపారెయ్యలేదు.

గుమస్తాగారికి ఏం చెప్పాలో నాకు చాలాకాలం తెలియలేదు. మీ తప్పేమీ లేదంటే ఆయన్ని మనిషిగా లెక్కచెయ్యనట్టు ఉంటుంది. తలుచుకుంటే మానగలరంటే నేను పాత మనిషినే. నాన్నగారు ఇవేమీ ఆలోచించలేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి ఆయన్ని తోడు తీసుకెళ్తున్నారు. ఒక నెల వస్తాడు, ఒక నెల ఎగ్గొడతాడు. మొన్న వచ్చినప్పుడు నేనూ అక్కడున్నాను. తను ఎన్నిసార్లు బతిమాలినా చేతికి ఇవ్వొద్దని, జీతం నేరుగా భార్య ఖాతాలో వెయ్యమని కొట్టు యజమానికి తనే చెప్పి వచ్చానన్నాడు. అలా చెయ్యమని ఆయనకి మేమెవరమూ చెప్పలేదు.