గాలి మనదే, నీళ్లే అరువు

ఎర్రగుంట్లలో ఎవరైనా ట్రాక్టరు కొంటానంటే ఏ కంపెనీదని అడుగుతారు. లారీ కొంటానంటే ఫైనాన్సు ఎవరిదని అడుగుతారు. తెరచాప పడవ కొంటానంటే మాత్రం ముఖంలోకి ఒకసారి చూసి, "ఒంట్లో బాగుందా నాయనా?" అంటారు. మా మేనల్లుడికి సరిగ్గా ఇదే మర్యాద జరిగింది. వాళ్లమ్మ, అంటే మా అక్క, ఇంకో అడుగు ముందుకేసింది. "యాడ పెడ్తావురా దాన్ని, నాపరాళ్ల మీదా? ఆ దుడ్డుతో రెండు ఎనుములొస్తాయి గదరా!"

తప్పు వాళ్లది కాదు. ఇక్కడ కంటికి ఆనేవి నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, కలమల్ల దిక్కున థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. పెన్న ఉందంటే ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. మా ఈడువాళ్లు ఈత నేర్చింది ఏట్లో కాదు. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని బావుల్లో నేర్చారు. మొండిఘటాలైతే రాళ్లు తీసి వదిలేసిన గుంతల్లోనే దూకేవాళ్లు.

అలాగని పడవ ఈ నేలకు బొత్తిగా కొత్త కాదు. మన పక్కనే ప్రొద్దుటూరు మీదుగా కడపకు పోయే కె.సి. కాలువ ఉంది కదా, 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తవ్వింది సేద్యానికీ, పడవల రాకపోకలకూ కలిపి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టి కడప దాకా సరుకుల పడవలు నడపాలని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పింది. కంపెనీ నష్టాల్లో పడింది, 1882లో సర్కారు కాలువను కొనుక్కుంది. 1933లో పడవల ముచ్చట పూర్తిగా మానేసి సేద్యానికే వదిలారు. ఇంజనీర్లు ఆశపడినంత మాత్రాన కరువుసీమలో పడవలు నడవవు, నిజమే. ఆశ మాత్రం మా మేనల్లుడితో మొదలు కాలేదు.

వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. జులైలో నెక్లెస్ రోడ్డు మీద పోతూ హుస్సేన్‌సాగర్ నిండా తెరచాపలు చూసి ఆగిపోయాడట. ఆ నెలలో నైరుతి గాలి మంచి ఊపు మీద ఉంటుంది కాబట్టి జాతీయ పోటీలు అక్కడ అప్పుడే పెడతారు. "మామా, నాకో పడవ చూసిపెట్టు" అని ఫోను చేశాడు. నేను చెన్నైలో కొలువు చేసిన రోజుల్లో హార్బరు నీళ్లలో తెరచాప తాడు పట్టుకున్నవాణ్ని. ఆ పాపానికి ఇంట్లో ఈ విషయంలో పెద్దరికం నాది.

నేను చెప్పింది ఒక్కటే. పడవ కొనొద్దు. ముందు గాలిని చదవడం నేర్చుకో.

అది నీకు కొత్త విద్య కూడా కాదన్నాను. మీ తాత కళ్లంలో ముక్కాలిపీట ఎక్కి శెనగలు తూర్పారబట్టేటప్పుడు ఏం చేసేవాడు? చేట ఎత్తకముందు చెంపకు తగిలే గాలిని చూసేవాడు. పొట్టు ఎటు పోతుందో, గింజ ఎటు పడుతుందో చూసుకుని పీటను జరిపేవాడు. గాలి తప్పితే చేట దించి ఊరకే నిలబడేవాడు. మళ్లీ వీచేదాకా తొందరపడేవాడు కాదు. పడవలో కూర్చున్నవాడు చేసేదీ అంతకన్నా ఎక్కువేమీ లేదు. నీళ్ల మీద నల్లగా కదిలివచ్చే చారలు కనిపిస్తే అక్కడ గాలి గట్టిగా ఉందని గుర్తు. అది తన దగ్గరికి వచ్చేలోపల తాడు వదలడానికి చెయ్యి సిద్ధంగా ఉండాలి. ఆషాఢంలో మనిషిని వెనక్కి నెట్టే పడమటి గాలిలో పెరిగినవాడికి ఇది చప్పున పట్టుబడాలి. నీళ్లకు మనం శ్రీశైలం వైపు చూడాలి గానీ, గాలికి ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరకే పెట్టలేదు.

వాలుగాలికి పడవ పోవడంలో వింతేమీ లేదు, తడికె నిలబెట్టినా పోతుంది. ఎదురుగాలికి పోవడమే విద్య. తిన్నగా గాలి ముఖంలోకి ఏ పడవా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా ఒకపక్కకు కొంతదూరం, మళ్లీ రెండోపక్కకు కొంతదూరం, అలా వంకరటింకరగా పైకి ఎక్కాలి. వంపు తిరిగిన తెరచాప పడవను పక్కకు లాగుతుంది. పడవ నడుమనుంచి నీళ్లలోకి దించిన పలక పక్కకు పోనివ్వదు. ఇంక మిగిలిన దోవ ముందుకే. తెరచాప టపటపా కొట్టుకుంటే తాడు కాస్త లాగాలి. పడవ మరీ ఒరిగితే వదలాలి. మొదటి పాఠాలన్నీ గాలి అడ్డంగా వీచే దారిలోనే చెబుతారు, అది అన్నిటికన్నా సుఖం.

దిశ మార్చేటప్పుడు మాత్రం తెరచాప అడుగున ఉండే బూమ్ ఈ పక్కనుంచి ఆ పక్కకు ఊగుతుంది. తల వంచనివాడికి రెండో పాఠం అదే చెబుతుంది. వెనకగాలిలో తిరిగేటప్పుడైతే మరీ విసురుగా వస్తుంది. పడవ బోర్లా పడటమూ పాఠంలో భాగమే. చిన్న పడవల లోపల గాలి నిండిన అరలుంటాయి, మునగవు. కింద పడ్డవాడు ఒడ్డుకు ఈదకూడదు, పడవను వదలకూడదు. అడుగునుంచి పైకి పొడుచుకొచ్చిన ఆ పలక మీద నిలబడి ఒళ్లంతా వెనక్కి వాల్చితే, తెరచాప నీళ్లు కారుస్తూ లేస్తుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఇవేవీ చెయ్యకూడదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఏమైందో మరిచిపోయినవాళ్లకు ఏ పడవా వద్దు.

ఇక పడవ సంగతి. పిల్లలకు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన గీసిచ్చిన బుల్లి పడవ, పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పదిహేనేళ్లు దాటితే దాన్ని దిగాల్సిందే. పెద్దవాడు ఒంటరిగా పోవాలంటే లేజర్, ఇప్పుడు దాన్ని ఇల్కా అంటున్నారు. 4.2 మీటర్లు ఉంటుంది. దీనిలో మెచ్చుకోవాల్సింది ఏమిటంటే ఒకే పడవకు మూడు సైజుల తెరచాపలుంటాయి, బక్కవాడికి చిన్నది, బరువైనవాడికి పెద్దది. ఇద్దరు కలిసి నేర్చుకోవాలంటే నీలిరంగు తెరచాపల ఎంటర్‌ప్రైజ్ మేలు. నా మటుకు, ఇంటర్నెట్లో మెరిసే పడవకన్నా, నేర్చుకునే చెరువులో పదిమంది వాడుతున్న పడవే మంచి పడవ. తాడు తెగితే అరువిచ్చేవాడుంటాడు, పోటీకి జతగాడుంటాడు. పాతది కొనేటప్పుడు బొటనవేలితో అడుగంతా నొక్కి చూడాలి. మెత్తగా లోపలికి పోయిందంటే ఫైబర్ నీళ్లు తాగింది, బేరం వద్దు. తెరచాప కొయ్య దిగే గుంత చుట్టూ పగుళ్లున్నా వద్దు.

నేర్పేవాళ్లకు మనదగ్గర కొదవ లేదు. సికింద్రాబాదులో సైన్యం వాళ్ల క్లబ్బుంది. 2009లో సుహేమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. డబ్బున్నవాళ్ల ఆట అనుకునే దీన్ని వాళ్లు రసూల్‌పుర పిల్లల చేతుల్లో పెట్టారు. అలా వచ్చిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు పోయింది. అదే పోటీల్లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్‌ది మధ్యప్రదేశ్, నేర్చింది భోపాల్ చెరువులో. విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి మరి నలుగురితో కలిసి 'తారిణి' మీద 2017 సెప్టెంబరులో గోవా వదిలి, కేప్ హార్న్ చుట్టి, 2018 మే నెలలో మళ్లీ గోవాకే వచ్చారు. అది 55 అడుగుల పడవ, వేరే లోకం. కానీ తాడు లాగాలా వదలాలా అన్న లెక్క దాంట్లోనూ ఇదే.

మేనల్లుడు మాట విన్నాడు, క్లబ్బులో చేరాడు. ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నాడు. గండికోటలో ఎందుకు నడపకూడదు మామా అని. కోట కింద లోయ చూడ్డానికి బాగుంటుంది, తెరచాపకు పనికిరాదు. గోడలకు కొట్టుకున్న గాలి ఏ క్షణం ఎటునుంచి వస్తుందో దానికే తెలియదు. ఎగువన 26.85 టీఎంసీల జలాశయం విశాలమే. కానీ ఆ నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లున్నాయి. నీటిమట్టం తగ్గినప్పుడు పడవ పలక ఏ మొండిగోడకో, ఏ చెట్టు మోడుకో తగలొచ్చు. అక్కడ ఇళ్లు వదిలి పోయినవాళ్లు చూస్తుండగా సరదాగా తెరచాప ఎత్తడం నాకు మనసొప్పదు కూడా. దిగువన మైలవరం నయం, లోయ దాటాక నీళ్లు విశాలంగా పరుచుకుంటాయి, గాలికి అడ్డు తక్కువ.

దానికైనా ఇరిగేషన్ వాళ్ల అనుమతి కావాలి. అంతకన్నా ముందు, బోర్లా పడ్డవాళ్లను తెచ్చే మోటారు పడవ ఒకటి, దాన్ని నడిపే మనిషి ఒకడు కావాలి. ఆ రెండింటికీ డబ్బు పెట్టేవాణ్ని నువ్వు చూడు మామా, తెరచాపల సంగతి నేను చూసుకుంటా అంటున్నాడు వాడు.