పాటకు డబ్బు తీసుకుంటే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు వచ్చి అడిగినప్పుడు, వాళ్లు నా నుంచి ‘చదువు విలువ’ లాంటిది ఆశించారని నాకు తెలుసు. అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను మన హాస్టల్లో రెండేళ్లు నడిచిన ఒక గొడవ గురించి రాస్తాను. పాత విద్యార్థులకు తెలియదు గానీ ఇప్పుడున్న వాళ్లందరికీ అది తెలుసు. అందులో అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

గొడవ గద్దర్ మీద.

2023 ఆగస్టు 6, ఆదివారం. చికెన్ రోజు కాబట్టి మధ్యాహ్నం తిని అందరూ పడుకున్నారు. సాయంత్రానికి వార్త వచ్చింది. మూడో నంబరు గదిలో ఎవరో ఫోనులో ఆయన పాటలు పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి మంచాల మీద, ట్రంకు పెట్టెల మీద, తలుపు దగ్గర నేల మీద కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ గోచీ, ఆ గొంగడి, చేతికర్ర, కాళ్లకు గజ్జెలు చూస్తూ పెరిగినవాళ్లం మేము. మా ఊళ్లో ఆయన పాటలు నేర్చుకోనివాడు తప్పెట పట్టడానికి పనికిరాడని అనేవాళ్లు.

అట్లాంటి చోట నేను నోరు జారాను. “పాత గద్దర్ ఎప్పుడో పోయినాడు లేప్పా. సినిమాలో కనపడిన రోజే అమ్ముడుపోయినాడు. ఇయ్యాల పోయింది ఇంకో మనిషి” అన్నాను.

గది మొత్తం నా వైపు తిరిగింది. బి.ఇడి. చదివే ఒక సీనియర్‌ని మేము ఊరి పేరుతో గుంతకల్లన్న అని పిలిచేవాళ్లం. ఆయన పాట ఆపి, “ఏ సినిమా?” అని అడిగాడు.

“2011లో వచ్చింది కదన్నా, జై బోలో తెలంగాణ.”

“అట్లయితే నువ్వు ముప్పై ఏండ్లు లేటు. ‘మా భూమి’ చూసినావా?”

నేను చూడలేదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన, బి. నర్సింగరావు నిర్మించిన 1979 నాటి ఆ సినిమాలో గద్దర్ తెర మీదే కనిపించి, బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి కట్టి’ పాడాడని ఆ రాత్రి తెలిసింది. జననాట్యమండలి పుట్టింది 1972లో. అంటే ఊరూరా ఆయన పేరు మారుమోగకముందే సినిమా ఉంది. నేను ‘పాత గద్దర్’ అని దేవుణ్ణి చేసి పెట్టుకున్న మనిషి మొదటి నుంచీ కెమెరా ముందు నిలబడినవాడే. నా వాదానికి ఒక కాలు అక్కడే విరిగింది.

కానీ ఒప్పుకుంటే నేనెట్లా అవుతాను? పాత మాటలన్నీ బయటికి తీశాను. జీవితమంతా ఓటు వద్దన్న మనిషి 2018లో మొదటిసారి ఓటు వేశాడు. చనిపోయే ముందు నెలలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని కౌగిలించుకున్నాడు. మరుసటి రోజు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాక అది కూడా నా ఖాతాలో వేసుకున్నాను. ఎవరి తుపాకీ తూటా 1997 నుంచి వెన్నులో మోశాడో అంతుపట్టని మనిషికి పోలీసుల తుపాకుల వందనమా అని అడిగాను. గుంతకల్లన్న దగ్గర కూడా సరుకు ఉంది. 1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దన్నవాడు ఎవడు? ఆయనను పూడ్చింది ఎక్కడ? అల్వాల్‌లో తాను పెట్టిన బడి ఆవరణలోనే కదా? అమ్ముడుపోయినవాడు బడి పెడతాడా?

చివరికి ఆయన ఒక మాట అన్నాడు, అందరూ నవ్వారు. “ఏమప్పా, నువ్వు చదివేదే కామర్సు. ఎం.కాం.లో చేరబోతాండావు. కమర్షియల్ అనే మాటను తిట్టు మాదిరి వాడతావేంది?”

నేనూ నవ్వాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం గద్దర్ కాదు.

మా నాయన తప్పెట కొడతాడు. మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మనదేనని బడిలో చదువుకున్నాం. మా నాయనకు ఆ పాఠం అవసరం లేదు. రెండెకరాల చెనక్కాయ చేను ఉంది, అయిదేళ్లలో ఒక్క ఏడు విత్తనం ఖర్చు తిరిగి వస్తే గొప్ప. మిగిలిన కాలం బెంగళూరులో కట్టడం పని, లేకపోతే తప్పెట. జాతరలు, పెళ్లిళ్లు, సావులు. ఒకప్పుడు ఊళ్లో సావుకు తప్పెట కొడితే ఇచ్చింది పుచ్చుకుని రావాలి, అడగకూడదు. అడిగితే పొగరు అనేవాళ్లు. ఈ పదిహేనేళ్లలో మా నాయన, ఇంకో నలుగురు కలిసి జట్టుగా ఏర్పడి రేటు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఈ సంగతి నేను మన హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. నాయన ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయం అనేవాణ్ణి. అబద్ధం కాదు, కానీ నిజం కూడా కాదు.

2024 ఏప్రిల్. ఎన్నికల నామినేషన్ల వారం. ఎండ నెత్తి మీద పేలుతోంది. లైబ్రరీ నుంచి వస్తూ టవర్ క్లాక్ దగ్గర ఊరేగింపుకు ఆగిపోయాం. నాతో గుంతకల్లన్న, ఇంకో ఇద్దరు ఉన్నారు. ముందు డీజే బండి, దాని వెనక తప్పెట్ల జట్టు. జట్టులో రెండోవాడు మా నాయన. మెడలో పార్టీ కండువా. వాళ్లు కొడుతున్న దరువు నాకు తెలుసు, మా ఊరి జాతరలో కొట్టేదే. మీద పాట మాత్రం అభ్యర్థి పేరుతో కట్టింది. పాత ఉద్యమ పాట బాణీకి ఆ పేరు అతికించారు.

నేను ఒక అంగడి పందిరి కిందికి జరిగాను. మా నాయనకు కనపడకూడదని జరిగాను. ఇది రాయడానికి నాకు ఏడాది పైన పట్టింది.

ఆ రాత్రి నాయన ఫోను చేశాడు. “అన్నం తిన్యావా?” అన్నాడు. తిన్నానన్నాను. “పొద్దున టవర్ క్లాక్ కాడ నిన్ను చూస్తి. నువ్వు చూసినావో లేదో. ఊరేగింపు నడుస్తాంటే ఆపేకి కాదు గదా, అందుకే పిలవలేదు” అన్నాడు. నేను మాట్లాడలేదు. “పరీక్ష ఫీజు ఎంతన్యావు? రేపు వేస్తా. మళ్లా గురువారం ఇంకో పార్టీ వాళ్లది ఉండాది.”

అప్పుడు ఆగలేక అడిగేశాను. రెండు పార్టీలకీ కొడతారా నాయనా, అన్నాను.

“పెండ్లికీ కొడతాం, సావుకీ కొడతాం. దానికేమిరా?”

మరి ఆ పాటలు? ఆ పాటలు అందుకోసం కట్టినవా?

మా నాయన కాసేపు ఊరుకుని, నవ్వి, “మేం ఆ పాటలు నేర్చింది యాడ అనుకున్యావు? క్యాసెట్లల్లో. ఆ క్యాసెట్టు దుడ్లు పెట్టే కొన్యాము గదా, ఊరికే ఇచ్చినారా? అప్పుడు కూలి ఎంతో తెలుసా నీకు?” అన్నాడు.

ఈ మాటతో అన్నీ తేలిపోయాయని నేను అనను. ఒకే వారంలో రెండు కండువాలు వేసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఖమ్మం కౌగిలింత కూడా అంతే. కానీ ‘అమ్ముడుపోయాడు’ అనే మాట మాత్రం అప్పటి నుంచి నా నోట రాలేదు. మా నాయన ఆ గురువారం తప్పెట కొట్టకపోతే, కమర్షియల్ అంటే ఏమిటో వాదించడానికి నేను ఎం.కాం. క్లాసులో ఉండేవాణ్ణి కాదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తుకొచ్చింది. స్కూలు హాస్టల్లో ఏడో తరగతిలో ఉన్నప్పుడు వార్షికోత్సవానికి మేం ‘మగధీర’ పాటకు డాన్స్ చేశాం. అందులో ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అనే మాట రాగానే అందరం గట్టిగా అరిచేవాళ్లం. ప్రాక్టీసు చూస్తున్న వాచ్‌మన్ తాత, “ఆ మాట ఎవురిదో తెలుసా మీకు?” అని అడిగాడు. రామ్ చరణ్‌ది అన్నాం. వంగపండు ప్రసాదరావు పేరు మొదటిసారి విన్నది ఆ తాత నోటే. గద్దర్‌తో పాటు జననాట్యమండలిని నిలబెట్టిన మనిషి, విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. ఆ పాట అంతకుముందే 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’లో వచ్చింది. అప్పుడు ఎవరిదో అందరికీ తెలుసు. 2009లో ‘మగధీర’కు వచ్చేసరికి మాట మిగిలింది, మనిషి పేరు జారిపోయింది. దాని మీద వివాదం కూడా నడిచింది. వంగపండు 2020 ఆగస్టులో కన్నుమూశారు. ఆ రోజు మన హాస్టల్ కరోనాకు మూసి ఉంది కాబట్టి ఏ గదిలోనూ ఎవరూ పాట పెట్టలేదు.

నన్నడిగితే అసలు గొడవ పడాల్సింది ఇక్కడ. పాటగాడు సినిమాకు పోతే ఏమిటి, డబ్బు తీసుకుంటే ఏమిటి? పాట పోయి పేరు రాకపోతే కదా దోపిడీ.

2025 జూన్ 14న గొడవ మళ్లీ లేచింది. తెలంగాణ ప్రభుత్వం నంది అవార్డుల చోట గద్దర్ పేరుతో సినిమా అవార్డులు పెట్టి, హైదరాబాద్ హైటెక్స్‌లో ఇచ్చింది. అల్లు అర్జున్‌కు ‘పుష్ప 2’కు ఉత్తమ నటుడు. ఫోను చుట్టూ పదిహేను మందిమి చేరి చూశాం. నంది వద్దన్నవాడి పేరు మీదే నంది నడుస్తోందని ఒకడన్నాడు. సినిమావాళ్లందరి నోటా గద్దర్ పేరు పలికించారు కదా, అది చాలదా అని ఇంకొకడు. గుంతకల్లన్న అప్పటికి టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ రాస్తున్నాడు, ఫోనులోనే వాదనకు వచ్చాడు. ఈసారి ఆయన నా పాత పక్షం, నేను ఆయన పాత పక్షం. ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకోవడానికి వీడియో కాల్ లేదు.

ఈ ఏడు వార్షికోత్సవానికి డీజే పెడదామని తమ్ముళ్లు అన్నారు. నేను తప్పెట్ల జట్టు పేరు చెప్పాను. ఎవరిదన్నా అని అడిగారు. మా నాయనది అన్నాను. ఆ మాట అనడానికి నాకు మన హాస్టల్లో ఏడేళ్లు పట్టింది.

నాయనకు ఫోను చేసి చెబితే సంతోషపడతాడనుకున్నాను. “ఎంత ఇస్తారు?” అన్నాడు.

నాకు మాట రాలేదు. ఆయనే అందుకుని, “అయిదు మందిమిరా. ఆ పొద్దు కూలి పోతాది, బస్సు ఛార్జీలు ఉండాయి. నువ్వుండిన హాస్టలు కాబట్టి నా వాటాలో తగ్గించుకుంటా. వాళ్లది తగ్గించమని నేను చెప్పలేను” అన్నాడు. సరేనన్నాను. గదికి ఇంత అని వసూలు చేస్తున్నాం. రెండో అంతస్తు వాళ్లు ఇంకా ఇవ్వలేదు. ఈ సంచిక చేతికి వచ్చేలోపు ఇస్తారని ఆశ.

ఫోను పెట్టేసే ముందు నాయన, “మైకులో మా పేర్లు చదువుతారా?” అని అడిగాడు.

అయిదు పేర్లు, ఊరి పేరుతో సహా, కాగితం మీద రాసి వ్యాఖ్యానం చేసే తమ్ముడికి ఇచ్చాను.