వీసీ కుర్చీ: ఉస్మానియా నుంచి రెండు ఉత్తరాలు

విద్యానగర్, ఆదివారం

బాబాయ్‌కి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. బస విద్యానగర్ స్టేషన్‌కి దగ్గర్లోనే. పొద్దున్నే అడిక్‌మెట్ వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచాను. మీరు ఆంధ్రా యూనివర్సిటీని ఎంత మోసినా, ఆర్ట్స్ కాలేజీ లాంటి భవనం మాత్రం మనకి లేదు. 1939లో తెరిచిన ఆ గులాబీ రాతి మేడ మెట్ల మీద కుర్రాళ్లు గ్రూప్స్‌కి చదువుకుంటున్నారు. ఒకతను పాలిటీ పుస్తకంలో ఆర్టికల్ 14 కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు. ఈ యూనివర్సిటీ వీసీయే ఆ ఆర్టికల్ పట్టుకుని సర్కారు మీద గెలిచాడంటే, "నిజమా సార్?" అన్నాడు.

ఆయన డి.ఎస్. రెడ్డి. 1957లో వీసీగా వచ్చారు, 1964లో మళ్లీ ఐదేళ్లకు వేశారు. ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వంతో ఆయనకి చెడింది. యూనివర్సిటీ మీద ప్రభుత్వ పెత్తనం పెంచే సవరణలొచ్చాయి, విద్యార్థులూ అధ్యాపకులూ వీధికెక్కారు. 1966లో వీసీ పదవీకాలాన్ని మూడేళ్లకు కుదించారు. అదీ చాలక 13-ఏ అనే సెక్షన్ పెట్టారు: అప్పటికి కుర్చీలో ఉన్న వీసీ స్థానంలో తొంభై రోజుల్లోగా కొత్తవాణ్ణి వేయాలి, వేయగానే పాతాయన దిగిపోవాలి. మిగతా వీసీలని తీసేయాలంటే విచారణ కావాలి, ఈయనకి అక్కర్లేదు. పేరు రాయలేదన్న మాటే గానీ అది ఆయన ఒక్కడి కోసం చేసిన చట్టం. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకెళ్లారు. చట్టం ముందు అందరూ సమానమనే ఆర్టికల్ 14 ప్రకారం ఆ సెక్షన్ చెల్లదని 1967లో తీర్పొచ్చింది.

తార్నాక, మంగళవారం

బాబాయ్,

ఇవాళ తార్నాకలో టిఫిన్ చేస్తూ, బయల్దేరే ముందు మీరన్న మాట తలచుకున్నాను: "నీలి బెండపూడిలా ఎదిగే దారి ఇక్కడ ఏదిరా?" మన విశాఖ ఆడపడుచు, మీ యూనివర్సిటీ ఎంబీఏ. కాన్సాస్‌లో పీహెచ్‌డీ, మధ్యలో బ్యాంకు ఉద్యోగం, మళ్లీ కాన్సాస్‌లోనే డీన్, ప్రోవోస్ట్. 2018లో లూయీవిల్ ప్రెసిడెంట్, 2022 నుంచి పెన్ స్టేట్ ప్రెసిడెంట్. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోటి పిలిచి తీసుకుంది. అక్కడ నియమించేది ట్రస్టీల బోర్డు. అలాగని ఆవిడది పూలపాన్పేం కాదు. పిల్లలు తగ్గిపోయిన ఏడు క్యాంపస్‌లని మూసేద్దామని సిఫార్సు చేస్తే, 2025 మేలో ట్రస్టీలు 25-8తో ఆమోదించారు. ఆ ఊళ్లవాళ్ల కోపమంతా ఆవిడ మీదే.

ఇక్కడ కోపగించుకోడానికైనా మనిషి ఉండాలిగా! 2019లో వీసీ రామచంద్రం గారు దిగిపోయాక 2021లో రవీందర్ గారు వచ్చేదాకా ఉస్మానియాకి పూర్తికాలం వీసీయే లేడు, ఐఏఎస్ అధికారి ఇన్‌చార్జి. రెడ్డిగారు కేసు గెలిచారు గానీ, అప్పుడు కుదించిన మూడేళ్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. మూడేళ్లలో ఏం కడతాడండీ ఎవరైనా? మొదటి ఏడాది ఫైళ్లు అర్థం చేసుకోడానికే చాలదు. నన్నడిగితే ఐదేళ్లు మళ్లీ ఇవ్వాల్సిందే.

మీ సర్వీసులో వీసీలు ఎలా వచ్చారో, ఎలా వెళ్లారో కళ్లారా చూశారు కదా, అవన్నీ కాగితం మీద పెట్టండి. టైపు చేసే పూచీ నాది.

పిన్నికి నమస్కారాలు చెప్పండి.