గాజుతొట్టిలోని గోధుమవన్నె నాచు

శుభ్రత గృహిణికి మొదటి యాభరణమని పెద్దలందురు. పాత్రలు తళతళలాడ తోమవలెననియు, బిందె లోపల పాచి పట్టనీయరాదనియు మనము చిన్ననాటనే నేర్చికొంటిమి. అట్టి మన యింటికి చేపలతొట్టి యొకటి వచ్చి, పదునైదు దినములకే దాని గాజుపైని గోధుమవన్నె మడ్డి పేరుకొన్నచో మనసు నిలుచునా? చింతపండును, పీచును చేతబట్టుకొనుట మనకు సహజము. కాని సోదరీమణులారా, బిందెను తోమినట్లు చేపలతొట్టిని తోమరాదు. ఏలయో యించుక విన్నవించెదను.

మా యమ్మాయికి తొమ్మిదేండ్లు. దాని కోరికపై వారు 40 లీటర్ల గాజుతొట్టిని, ఆరు గప్పీ చేపలను తెచ్చిరి. మూడవ వారమున గాజు, గులకరాళ్లు, మొక్కల యాకులు అన్నియు గోధుమవన్నెకు తిరిగినవి. “అమ్మాయీ, నీళ్లు మురిగిపోయినవి. అన్నీ పారబోసి తొట్టి తోమివేయి” అని మా యత్తగారు సెలవిచ్చిరి. అంగడివాడు నాచుమందు కొనుమనెను. పిల్ల మాత్రము తొట్టి కడ్డముగా నిలిచి, “అమ్మా, మన చేపలు కూడా చచ్చిపోతాయా?” అని కన్నుల నీరు పెట్టుకొనెను. మా బంధువుల యింట నిట్టి తొట్టినే సబ్బుతో కడిగి, క్రొత్తనీరు నింపగా, వారము తిరుగకమునుపే చేపలన్నియు వెల్లకిల తేలుట అది కన్నులార చూచినది. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలెనని నేను పుస్తకములు తిరుగవేయ నారంభించితిని.

వారు తొట్టి గాజుపై మడ్డిని కొంచెము గీకి, బడిలోని సూక్ష్మదర్శినిలో పెట్టి మాకు చూపిరి. ఆహా! మేము మురికి యనుకొన్నది చిన్నచిన్న పడవలు బారులు తీరినట్లుండెను. వీనికి డయాటములని పేరు. అంగళ్లలో దీనిని గోధుమవన్నె నాచందురు గాని, శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టిన నాచులు వేరు. అవి చాలవఱకు సముద్రములో పెరుగును. డయాటము ఒకే కణము గల జీవి. ఇసుకకును గాజునకును మూలమైన సిలికాతో అది తనచుట్టు ఒక పెట్టె కట్టుకొనును. ఆ పెట్టె కుంకుమభరిణెవలె రెండు భాగములు, ఒకటి మూతగా రెండవదానిపై అమరియుండును. దానిలోను ఆకుపచ్చని పత్రహరితము కలదు; ఫ్యూకోజాంథిన్ అను మఱియొక వర్ణద్రవ్యము దానిని కప్పుటచే గోధుమవన్నె కనబడును. భూమిపై సూర్యకాంతితో జరుగు ఆహారోత్పత్తిలో ఇంచుమించు అయిదవ వంతు ఈ సూక్ష్మజీవుల పనియే.

ఇవి క్రొత్త తొట్టిలోనే యేల విజృంభించును? నీటినుండియు, ఇసుకనుండియు వీనికి సిలికా దొరకును. మాది రాతినేల, అట్టి నేలలోని బోరునీటిలో రాయి కరగి వచ్చిన సిలికా కలదు. మఱియొక కారణము ముఖ్యమైనది. చేపల మలమునుండి అమోనియా పుట్టును. అది చేపలకు విషము. కొన్ని సూక్ష్మక్రిములు దానిని నైట్రైటుగాను, మఱికొన్ని ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. ఈ క్రిములు ఫిల్టరులోను, గులకరాళ్లపైని కాపురము పెట్టుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. అంతవఱకు తొట్టి క్రొత్త కాపురము వంటిది, ఏదియు కుదుటపడదు. ఆ సందున డయాటములు ఖాళీగానున్న చోటెల్ల ఆక్రమించును. మొక్కలు వేరూని, క్రిములు స్థిరపడి, నీటిలోని సిలికా తగ్గిన కొలది తరచుగా నివి కొన్ని నెలలలో తామే వెనుదీయును.

ఇప్పుడు చూడుడు: నాచును చూచి వెఱచి సర్వమును కడిగినచో, నాచుతోపాటు ఆ మేలుచేయు క్రిములును పోవును. అమోనియా పేరుకొనును. సబ్బు లేశమాత్రము మిగిలినను చేపల మొప్పలకు హాని. కంటికి శుభ్రముగా నున్న ఆ నీరే చేపలకు మృత్యువగును.

మఱి చేయవలసిన దేమన: వారమునకొకసారి, సబ్బు నెన్నడును ఎఱుగని మెత్తని స్పాంజితో గాజు తుడువవలెను. రాలిన మడ్డిని సన్నని గొట్టముతో అడుగునుండి లాగి, నాలుగవ వంతు నీటిని మాత్రమే మార్చవలెను. క్రొత్తనీరు తొట్టినీటియంత వెచ్చగా నుండవలెను. కుళాయినీరైనచో క్లోరిను విఱుచు మందు అంగడిలో దొరకును. ఒక రాత్రి వెడల్పు పాత్రలో నుంచినను క్లోరిను పోవును గాని, క్లోరమైను కలిపిన నీటికి మందు తప్పదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి క్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. చేపలు రెండు నిమిషములలో తినగలిగినంతయే మేత వేయవలెను. దీపము దినమునకు 8 గంటలు చాలును. నాచుమందు జోలికి పోకుండుట మేలు. చచ్చిన నాచు క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును, రాగి కలిసిన మందు నత్తలకు ప్రాణాంతకము. నెరైట్ నత్తలు ఈ మడ్డిని ప్రీతితో మేయును. అయినను తొట్టి కుదుటపడిన పిదపనే వానిని తెచ్చుట న్యాయము. అప్పుడును నాచు తఱిగిన పిమ్మట వానికి వేఱు ఆహారము చూపవలెను. ఆరు నెలలైనను మడ్డి తగ్గనిచో, కొంత ఆర్.ఓ. నీటిని కలిపి చూడవచ్చును.

ఇట్టి విషయములు మనకేలయని కొందఱనవచ్చును. సముద్రజీవులను పరిశీలించుటకై 1832లో సిసిలీ ద్వీపమున గాజుతొట్టిని సిద్ధపఱచినది ఝాన్ విల్‌ప్రూ పవర్ అను స్త్రీయే. ఆమె అంతకుమునుపు దుస్తులు కుట్టి జీవించినది. ఆర్గొనాట్ అను జలచరము తన చిప్పను తానే కట్టుకొనునా, ఇతరులదానిని అపహరించునా యని పండితులు తర్కించుచుండగా, ఆమె తొట్టి ముందు కూర్చుండి ఓర్పుతో చూచి, తానే కట్టుకొనునని నిరూపించినది. కుట్టుపనిలోని ఓర్పు మన యిండ్లలో నెవరికి లేదు?

మా తొట్టిలో మూడవ నెలకు మడ్డి పలుచబడినది. గప్పీలు పిల్లలను పెట్టినవి. మా యత్తగారు సాయంకాలము జపమైన పిదప మనుమరాలితో కూర్చుండి వానిని లెక్కించుచున్నారు. ఇరువురి లెక్కయు ఏనాడును కలియదు. మీ యింటికి తొట్టి వచ్చినచో, ఆ దినమును గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుడు. మూడు నెలలు నిండువఱకు దాని నెవరు తోమబోయినను, మృదువుగా చేయి పట్టుకొని ఆపుడు.