నాలుగు పాయింట్ల విలువ

పరుగు పందెంలో గెలుపోటములు కొన్ని క్షణాలలోనే తేలిపోతాయి. హెప్టథ్లాన్ అటువంటి క్రీడ కాదు. అది రెండు రోజులపాటు సాగే సప్త పరీక్ష. తొలిరోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. మలిరోజు లాంగ్‌జంప్, జావెలిన్ త్రో, 800 మీటర్ల పరుగు. ప్రతి అంశానికీ పాయింట్లు ఉంటాయి. అన్నింటి మొత్తమే విజేతను నిర్ణయిస్తుంది.

వీటిలో హైజంప్‌ది ఒక ప్రత్యేకత. అడ్డుకర్రను మూడు సెంటీమీటర్లు పైకి జరిపితే, దానిని దాటినవారికి సుమారు 35 పాయింట్లు అధికంగా లభిస్తాయి. వరుసగా మూడు ప్రయత్నాలు విఫలమైతే ఆ అంశం అక్కడితో ముగుస్తుంది. ఆ నిరాశను మనసులో ఉంచుకొనక వెనువెంటనే ఇనుపగుండును చేతబట్టాలి.

ఇంతటి కఠినమైన క్రీడను ఎంచుకొన్న తెలుగు యువతి అగసర నందిని. హైదరాబాదులో టీ అమ్ముకొని జీవించే తండ్రికి జన్మించిన ఆమె, నార్సింగిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. తొలుత హర్డిల్స్‌లో రాణించింది. శిక్షకుడు నాగపురి రమేష్ పర్యవేక్షణలో సాధన సాగించి, హెప్టథ్లాన్‌ను తన రంగంగా చేసుకొంది.

కరోనా కారణంగా ఏడాది ఆలస్యంగా, 2023లో చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. అక్టోబరు 1న 800 మీటర్ల పరుగుతో హెప్టథ్లాన్ ముగిసింది. అప్పటికి ఇరవై ఏళ్ల నందిని మొత్తం 5712 పాయింట్లతో కాంస్య పతకం గెలుచుకొంది. నాలుగో స్థానంలో నిలిచిన భారత క్రీడాకారిణికి లభించినవి 5708. తేడా నాలుగంటే నాలుగే పాయింట్లు! ఆ చివరి పరుగులో సెకనులో మూడోవంతు ఆలస్యమై ఉంటే పతకం చేజారేది.

ఆ కాంస్యంతో ఆమె తృప్తిపడి ఆగిపోలేదు. 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో 5941 పాయింట్లతో స్వర్ణ పతకం సాధించింది.

రెండేళ్లలోపు పెరిగిన ఆ 229 పాయింట్లు ఏ ఒక్కనాడో వచ్చిపడినవి కావు. కొద్దికొద్దిగా కూడబెట్టుకొన్నవే. కొత్తచెరువు వంటి ఊళ్లలో తెల్లవారకముందే మైదానం చేరే విద్యార్థులకు పేదరికం, వసతుల కొరత తెలియనివి కావు. ఆ ఇబ్బందులు చిన్నవని నందిని జీవితం చెప్పదు. ఒక అంశంలో వెనుకబడినా తరువాతి అంశం మిగిలే ఉంటుందని మాత్రం చెబుతుంది.