ఉక్కునగరం నుంచి సాగరతీరానికి

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయి ఎందరో తెలుగువారికి నివాసం. అయితే అక్కడికి సముద్రం దూరం. మిత్రులతో కలిసి కారులో విశాఖ-భీమిలి తీరమార్గం చూడగోరేవారు ముందుగా ఒక లెక్క గ్రహించాలి. ఆ మార్గం సుమారు 30 కిలోమీటర్లే. దానిని చేరడానికి 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. కాంకేర్ దాటాక కేశ్‌కాల్ కనుమ, కోరాపుట్ దాటాక సాలూరు కనుమ. ఆ మలుపులు పగటివేళ దాటవలసినవి. కనుక మొదటి రాత్రి మజిలీ జగదల్‌పూర్. మరునాటి సాయంకాలానికి విశాఖ. మూడవ రోజు తీరానిది: రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు. తిరుగు ప్రయాణానికీ రెండు రోజులు కావాలి. అన్ని సెలవులు దొరకనివారు రాత్రివేళ కనుమలెక్కే సాహసం మాని, దుర్గ్‌లో రైలెక్కి విశాఖ చేరి, తీరమార్గానికి మాత్రమే కారు కుదుర్చుకోవడం వివేకం. సముద్రం ఎక్కడికీ పోదు. మిత్రులందరూ క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.